ట్రైనింగ్ ఇచ్చిన అమ్మాయిలు ఎందుకు మానేస్తున్నారు?

మూసీ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చౌటుప్పల్ దిక్కు ఒక మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌గా పనిచేస్తున్నాను. పేరు అడగొద్దు. మా క్వాలిటీ ల్యాబ్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చదివిన అమ్మాయిలు చాలామంది చేరతారు. నల్గొండ, నార్కట్‌పల్లి, చిట్యాల నుంచి కంపెనీ బస్సులో వస్తారు. మెషీన్లు చేతికి అలవాటు కావడానికే ఏడాది పడుతుంది. తీరా పని చేతికొచ్చి, ఆడిట్‌కి వచ్చినవాళ్ల ముందు నిలబడి తడుముకోకుండా జవాబు చెప్పే స్థాయికి వచ్చాక రాజీనామా పెడతారు. పెళ్లికని మానేసేవాళ్లు ఇప్పుడు తక్కువే. మొదటి బిడ్డ పుట్టి, సెలవు అయిపోయి, మళ్లీ డ్యూటీలో చేరిన ఆరు నెలలకో ఏడాదికో మానేసేవాళ్లే ఎక్కువ. ఎగ్జిట్ ఫారంలో అందరూ రాసేది ఒకటే ముక్క: పర్సనల్ రీజన్స్.

మొన్న మీటింగ్‌లో పెద్ద సార్, "ఇక నుంచి ల్యాబ్‌కి అబ్బాయిలనే తీసుకోండి, ఈ గోల ఉండదు" అన్నాడు. నాకు నచ్చలేదు. కానీ గట్టిగా కాదనడానికి నా దగ్గర సరుకు లేదు. ఫారంలో రాయనిది ఇక్కడ రాయండి. మానేసినవాళ్లు, మానేద్దామా అని ఊగిసలాడుతున్నవాళ్లు, ఎట్లాగో నెట్టుకొస్తున్నవాళ్లు, అందరూ.

ల్యాబ్ కోటు

అన్నా, నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ఫ్యాక్టరీల ప్రత్యేక మండలి) ఒక కంపెనీలో మీ ల్యాబ్ అమ్మాయిలు చేసే పనే చేస్తాను. ఒక్క రోజు ఎట్లా గడుస్తదో చెప్తా, మీకే అర్థమవుతది.

మధ్యాహ్నం మూడింటికి సూపర్‌వైజర్ వచ్చి, "ఈ బ్యాచ్ రేపు డిస్పాచ్, ఇప్పుడే హెచ్‌పీఎల్‌సీ మీద ఎక్కించు" అంటాడు. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే మెషీన్. దాని మీద వరసగా శాంపిల్స్ నడిపే ఆ సీక్వెన్స్ ఎంత లేదన్నా అయిదారు గంటలు నడుస్తుంది. సరే అని ఎక్కిస్తాను. నాలుగున్నరకు సిస్టమ్ సూటబిలిటీ, అంటే మెషీన్ సరిగ్గా కొలుస్తుందా అన్న పరీక్ష, ఫెయిల్. మళ్లీ మొబైల్ ఫేజ్ (మెషీన్‌లో పారే ద్రావణం) కలుపు, కాలమ్ కడుగు, మొదటి నుంచి శాంపిల్ ఇంజెక్షన్లు. జనరల్ షిఫ్ట్ బస్సు 5:45కి పోతుంది. నేను మొదలుపెట్టిన పని ఇంకొకరి చేతిలో పెట్టాలంటే లాగ్‌బుక్‌లో ఎంట్రీలు, ఇద్దరి సంతకాలు, తర్వాత వచ్చే బి షిఫ్ట్ అబ్బాయి గొణుగుడు. దానికంటే ఉండిపోవడమే నయం అనిపిస్తుంది. బస్సు పోయాక ఆటోలో జడ్చర్ల, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో మహబూబ్‌నగర్. నేను చెప్పులు విడవకముందే అత్తమ్మ పాపను నా చేతుల్లో పెట్టి సీరియల్‌కి పోతుంది. ఆమెను ఏమీ అనలేను, పొద్దున ఏడింటి నుంచి చూస్తున్నది ఆమెనే కదా.

ఇంతా చేస్తే ఏడాది చివర రివ్యూలో "ఇన్వాల్వ్‌మెంట్ తగ్గింది" అని రాశారు. ఇన్వాల్వ్‌మెంట్ ఎక్కడ తగ్గింది? మెషీన్ గ్రాఫ్‌లో పీక్ నీట్‌గా, సన్నగా వచ్చిందంటే ఇప్పటికీ నాకు సంబురమే. నాలుగింటి తర్వాత మాత్రం నా ఒక కన్ను గడియారం మీద ఉంటుంది, అది నిజం.

జడ్చర్ల జంక్షన్

నేను మానేసినదాన్ని. ల్యాబ్ కోటు చెల్లె రాసిన సీక్వెన్స్ చదివి నవ్వొచ్చింది, అచ్చం అదే.

మూసీ ఒడ్డు గారూ, మీరు రాజీనామా దగ్గర లెక్క మొదలుపెడుతున్నారు. అది చివరి కాగితం. నాకు బాబు పుట్టాక మొదట వదులుకున్నది మెథడ్ వాలిడేషన్ ప్రాజెక్టు (పరీక్ష పద్ధతి నమ్మదగిందేనని రుజువు చేసే పని), రాత్రి దాకా ఉండాల్సి వస్తుందని. తర్వాత హైదరాబాద్‌లో మూడు రోజుల ట్రైనింగ్ అన్నారు, బాబుకి జ్వరం, వద్దన్నాను. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత గ్రూప్ లీడర్ పోస్టు నాకంటే జూనియర్‌కి ఇచ్చారు. నన్ను అడగను కూడా అడగలేదు, "ఆమెకు ఎట్లాగూ కుదరదు కదా" అనుకున్నారట. రోజూ అవే టాబ్లెట్లు, అవి ఎట్లా కరుగుతున్నాయో చూసే అదే డిసొల్యూషన్ టెస్ట్. తలకాయ వాడాల్సిన పని ఏదీ నా దగ్గర మిగల్లేదు. దాని కోసం బిడ్డను వదిలి పోవాల్నా అనిపించింది. నేను సగం మానేసింది ఆ రోజే, కాగితం ఇచ్చింది ఏడాది దాటాక.

జీతం సంగతి కూడా చెప్తాను. చేతికి 19 వేలు వచ్చేది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక బాబును చూడటానికి ఒకామెను పెట్టుకున్నాం, ఆమెకు 7 వేలు. డబ్బా పాలు, ఆటోలు, పొద్దున వంట కుదరని రోజు బయటి టిఫిన్లు పోను మిగిలేది చూసి ఇంట్లో అందరూ ఒకటే మాట, "ఈ మాత్రం దానికి ఎందుకు?" ఆమె 7 వేలు నా జీతంలోంచే ఎందుకు తీసి లెక్కేశారో, మా ఆయన జీతంలోంచి ఎందుకు తీయలేదో ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

బాలానగర్ బాబాయ్

అమ్మా, అందరూ బాధపడొద్దు, నా మాట కూడా వినండి. మా పాలమూరు ఆడవాళ్లు ఎప్పుడు పని చేయలేదు? బొంబాయి, పుణె దాకా వలసపోయి మట్టి మోసినోళ్లు. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలిపెట్టి పోయినోళ్లు. మా ఇంటామె కూడా తొట్టె చెట్టుకు కట్టి నాట్లు వేసింది. ఇప్పుడు బస్సు వచ్చె, ఏసీ వచ్చె, పైగా మహాలక్ష్మి కింద ఆర్టీసీలో టికెట్ కూడా లేకపాయె. అయినా ఈ తరానికి ఓపిక తక్కువ అనిపిస్తుంది. తప్పుగా అనుకోవద్దు.

ల్యాబ్ కోటు

తప్పుగా అనుకోను బాబాయ్. కానీ చిన్నమ్మ పొలంలో తొట్టె కట్టుకోనిచ్చారు కదా? బిడ్డ ఏడిస్తే నాటు ఆపి గట్టు మీదికి పోయి పాలిచ్చింది కదా? నేను ల్యాబ్‌లోకి ఫోన్ కూడా తీసుకుపోవద్దు. పాపకు వాంతులైతే ఆ సంగతి నాకు లంచ్‌లో లాకర్ తీసినప్పుడు తెలిసింది.

ఫ్రీ బస్సు 2023 డిసెంబర్ నుంచి ఉంది, మంచిదే, నెలకు నాకు డబ్బులు మిగిలాయి. కానీ సీటు దొరకదు, టైమ్‌కి రాదు.

చాక్‌పీస్

ప్రైవేటు కాబట్టి ఇట్లా అనుకుంటున్నారేమో, సర్కారు కొలువు సంగతి కూడా వినండి. మేము ఉద్యోగం మానేయం. అందుకే మా లెక్క ఎవరికీ కనపడదు.

2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చి సీనియారిటీ ప్రకారం టీచర్లను కొత్త జిల్లాలకు పంచారు. మా ఆయన మహబూబ్‌నగర్‌లోనే ఉన్నారు, నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో పడ్డాను. భార్యాభర్తలను ఒకే జిల్లాలో ఉంచమని స్పౌజ్ కేసు పెట్టుకుందామంటే 13 జిల్లాలకు ఆ బదిలీలు ఆపేశారు. అప్పటి నుంచి రోజూ అప్ అండ్ డౌనే. సెలవులు లేవా అంటే ఉన్నాయి. ప్రసూతికి 180 రోజులు. 2016లో మన రాష్ట్రంలో చైల్డ్ కేర్ లీవ్ కూడా ఇచ్చారు, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా మొత్తం 90 రోజులు, విడతకు 15 రోజులు మించకుండా. కేంద్ర ఉద్యోగులకు అదే 730 రోజులు. సరే, మాకు ఉన్న 90 అయినా అడిగినప్పుడు దొరకాలి కదా. పదో తరగతి పరీక్షల ముందు అడిగితే, "మీ పిల్లలకేనా పరీక్షలు, స్కూల్ పిల్లలకు లేవా?" అన్నారు ఒక సార్. ఆ మాట నన్ను చాలా రోజులు పొడిచింది, ఎందుకంటే అందులో కొంత న్యాయం కూడా ఉంది.

2024లో పెద్ద ఎత్తున ప్రమోషన్లు ఇచ్చినప్పుడు హెడ్‌మాస్టర్ పోస్టు వద్దని రాసిచ్చిన మేడమ్స్ నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఊరు దూరం, ఇంట్లో మంచం మీదున్న మామ, ఇంటర్ చదివే కూతురు. స్టాఫ్ రూంలో ఏమన్నారో తెలుసా? "మేడమ్స్‌కి బాధ్యతంటే భయం." జంక్షన్ చెల్లె చెప్పిన సగం మానేయడం మా దగ్గర ఇట్లా ఉంటుంది. కొలువు ఉంటుంది, హాజరు ఉంటుంది, ఎదగాలన్న ఆశ మాత్రం పోతుంది.

పిల్లలమర్రి నీడ

నేను ఎంబీఏలో ఈ విషయం మీదే ప్రాజెక్టు చేశాను, అందుకని కొంచెం పుస్తకం వాసన వస్తే ఏమనుకోవద్దు.

1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు పనికీ ఇంటికీ మధ్య వచ్చే ఘర్షణను మూడు రకాలుగా విడదీశారు. మొదటిది టైమ్‌ది, ల్యాబ్ కోటు అక్క 5:45 బస్సు. రెండోది టెన్షన్‌ది, ఒక చోట అలసిపోయిన ఒళ్లూ మనసూ రెండో చోటికి పనికిరాకపోవడం. మూడోది నడవడికది, దీని గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. ఆడిటర్ ముందు "కాదు సార్, మా డేటా కరెక్టే" అని ఎదురు నిలబడి వాదించే అమ్మాయి, ఇంటికొచ్చి ఆడబిడ్డ ముందు తలకాయ వంచుకోవాలి. ఇంట్లో కోరే తీరు వేరు, కొలువులో కోరే తీరు వేరు, గేటు దాటగానే మార్చుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పారు వాళ్లు: ఈ ఘర్షణ రెండు వైపులా నడుస్తుంది. పని ఇంటిని తినేయడం ఒకటి, ఇల్లు పనిని తినేయడం ఇంకొకటి. మందు కూడా రెండింటికీ ఒకటి కాదు. ఆఫీసు చేయగలిగింది మొదటిదానికే ఎక్కువ.

బాబాయ్ గారికి ఒక లెక్క. కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పని చేసే మగవాళ్ల సగటే, అసలు ముట్టనివాళ్లను కలపకుండా. 2019లో ఇవే 299, 97. అంటే అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి. మిక్సీ వచ్చింది, వాటా మారలేదు.

బాలానగర్ బాబాయ్

88 నిమిషాలా? నేను అంత కూడా చేయలేదు బిడ్డా. సరే, కానివ్వండి.

దేవరకొండ దారి

నేను మగవాణ్ణి, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మా ఇంటామె ఔట్‌సోర్సింగ్‌లో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీలు ఉంటాయి. ఒక దశలో ఆమె కూడా మానేస్తానంది, ఇంకా మానేయలేదు. ఏం మారిందంటే, నేను వంట నేర్చుకున్నానని చెప్తే ఇక్కడ అందరూ మెచ్చుకుంటారు, కానీ తేడా వచ్చింది దానితో కాదు. మా దగ్గర కుదిరింది ఒక్కటే: ఆమెకు నైట్ ఉన్న రోజుల్లో ఇంటి సంగతి ఏదీ ఆమెను అడగొద్దు. ఉప్పు డబ్బా ఎక్కడ అని కూడా ఫోన్ చేయొద్దు. పిల్లగాని టీకా కార్డు, స్కూల్ వాట్సాప్ గ్రూపు, గ్యాస్ బుకింగ్, అన్నీ నా ఫోన్‌లోకి మార్చుకున్నాను. ఇంతకుముందు నేను "చెప్తే చేస్తా కదా" అనేవాణ్ణి. ఆ చెప్పడమే పెద్ద పని అట.

మా ఊళ్లో మాత్రం కోడలు మొగనితో బాసన్లు తోమిస్తుందని చెప్పుకుంటున్నారు. మా అమ్మ చెవిన పడింది. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

పానగల్ ప్లీడర్

మూసీ ఒడ్డు గారికి, మీ పెద్ద సార్ మాటకు జవాబు. నియామకంలో ఆడవాళ్లని ఆడవాళ్లైనందుకు పక్కన పెట్టడం 1976 సమాన వేతన చట్టం నుంచీ తప్పే. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట ఉంది. గర్భం వస్తే ఉద్యోగం ఊడినట్టే అన్న ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ల నిబంధనను సుప్రీంకోర్టు 1981లోనే కొట్టేసింది. రోజుకూలీ మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్లకు కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. దేవరకొండ దారి గారూ, ఔట్‌సోర్సింగ్ అని మీ ఇంటామెకు ఎవరైనా లేదు అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది, మొదటి ఇద్దరు పిల్లలకు. మంచి చట్టమే, కానీ ఆ జీతం భారం యజమాని నెత్తిన పెట్టారు. మగవాళ్లకు ప్రైవేటులో అట్లాంటి సెలవు చట్టంలో లేనే లేదు. దాంతో మీ సార్ లాంటివాళ్లు ఆడవాళ్లంటేనే ఖర్చు అని లెక్కేస్తున్నారు. అయితే నెలకు 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్‌ఐలో (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది, కంపెనీ కాదు. మీ ల్యాబ్‌లో ఎంతమంది ఆ పరిమితిలో ఉన్నారో చూసి ఆయన ముందు పెట్టండి.

50 మంది, ఆడా మగా కలిపి, పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. మీ దగ్గర ఉందా?

మూసీ ఒడ్డు

సార్, బోర్డు ఉంది. లోపల పాత బ్యాచ్ రికార్డులు ఉన్నాయి.

ఈఎస్‌ఐ మాట పనికొచ్చింది. జూనియర్ అమ్మాయిల్లో చాలామంది ఆ పరిమితిలోనే ఉన్నారు. పెద్ద సార్ మాట్లాడే ఖర్చు వాళ్ల విషయంలో మా జేబులోంచి పోనే పోదు. ఇంకో పని చేశాను. మానేసినవాళ్ల చివరి ఏడాది ఔట్ పంచ్‌లు (డ్యూటీ దిగి బయటికి పోయిన టైమ్‌లు) తీయించాను. బస్సు టైమ్ దాటాక పడిన పంచ్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఆడిట్ టైమ్‌లో కాదు, మామూలు రోజుల్లోనే. అంటే అర్జెంటు పని వల్ల కాదు, మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చే అర్జెంటు వల్ల.

క్రెష్ గురించి నిజాయితీగా ఒక అనుమానం. ఫ్యాక్టరీ ఆవరణలో సాల్వెంట్ల వాసన, ట్యాంకర్లు. నా బిడ్డనైతే నేను అక్కడ పడుకోబెట్టను.

జడ్చర్ల జంక్షన్

క్రెష్ ఫ్యాక్టరీలో పెడితే ఎవరు తెస్తారండీ? నల్గొండ నుంచి చౌటుప్పల్ దాకా, పొద్దున చలిలో, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కంపెనీ బస్సులో? వాంతి చేసుకుంటే వెనక సీటువాళ్లు ఊరుకుంటారా? పేరుకు క్రెష్ తెరిచి, పిల్లలు రావట్లేదని మూసేసిన చోట్లు ఉన్నాయి. క్రెష్ కావాల్సింది పని దగ్గర కాదు, బస్సు ఎక్కే దగ్గర. నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర ఒకటి, చిట్యాలలో ఒకటి. పొద్దున దింపి బస్సెక్కాలి, సాయంత్రం దిగి ఎత్తుకోవాలి. ఆ రోడ్డు మీద ఇన్ని కంపెనీలున్నాయి, తలా కొంత వేసుకుంటే ఎవరి మీదా భారం పడదు.

పానగల్ ప్లీడర్

నలుగురు కలిసి ఉమ్మడిగా పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. దూరం మాత్రం నిబంధనల్లో చెప్పినంత లోపే ఉండాలి. నల్గొండలో పెట్టి చౌటుప్పల్ ఫ్యాక్టరీకి క్రెష్ ఉంది అని చూపించడం కుదరదు. అదనంగా పెట్టుకోవచ్చు, దీనికి బదులుగా కాదు.

ల్యాబ్ కోటు

అక్కా, నాకు మీ మాట సగమే నచ్చింది. రెండేళ్ల పిల్లకు అది బాగుంటుంది. పాలు తాగే పిల్లకు? ఆ నాలుగుసార్లు పోయి చూసే హక్కు బిడ్డ నల్గొండలో ఉంటే ఏం చేసుకోను? 26 వారాలు అయ్యేసరికి పాపకు నిండా ఆరు నెలలు కూడా ఉండవు. నేను వాష్‌రూంలో పాలు పిండి పారబోసిన రోజులున్నాయి. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నా.

చాక్‌పీస్

ల్యాబ్ కోటూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

దేవరకొండ దారి

అడగాల్సింది క్రెష్ ఒక్కటే కాదు. ఆ ఏడాది మటుకు ఆమెను ఇంటికి దగ్గర పనిలో, నాలుగింటికే వదిలేసే డ్యూటీలో పెట్టలేరా? డాక్యుమెంట్ రివ్యూ లాంటిది?

జడ్చర్ల జంక్షన్

అన్నా, పెట్టగలరు. కానీ డాక్యుమెంట్లలో పడ్డవాళ్లని మళ్లీ మెషీన్ దగ్గరికి రానివ్వరు. ఏడాది తర్వాత తిరిగి పాత సీటు ఇస్తామని కాగితం మీద రాసిస్తేనే తీసుకోవాలి.

అడ్మిన్

చర్చ బాగుంది. కంపెనీల పేర్లు రాసిన రెండు కామెంట్లు తీసేశాం. దయచేసి పేర్లు వద్దు.

మూసీ ఒడ్డు

మీటింగ్ అయింది. అబ్బాయిలనే తీసుకోవాలన్న మాట వెనక్కి పోయింది, చట్టం మాట చెప్పగానే. మనసు మారి కాదు, భయపడి. అయినా సరే. జనరల్ షిఫ్ట్‌వాళ్లు మధ్యాహ్నం రెండు దాటాక కొత్త సీక్వెన్స్ ఎక్కించొద్దని, రెండు తర్వాత వచ్చిన శాంపిల్స్ బి షిఫ్ట్‌కే పోవాలని మూడు నెలలు చూద్దామన్నారు. ల్యాబ్ హెడ్ మొదట ఒప్పుకోలేదు, డిస్పాచ్ ఆగుతుందని. ప్లానింగ్‌వాళ్లు పొద్దునే లిస్ట్ ఇస్తే ఆగదని వాళ్ల మీద పడ్డాడు. ఇప్పుడు వాళ్లిద్దరికీ పడట్లేదు, బి షిఫ్ట్ అబ్బాయిలు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. క్రెష్‌కి డబ్బు అడిగితే వచ్చే ఏడాది బడ్జెట్ అన్నారు. పాలు తాగే పిల్లలున్నవాళ్లకు ఒక గది, ఒక ఫ్రిజ్ మటుకు ఈ నెలలోనే ఇప్పిస్తాను, బ్యాచ్ రికార్డులు నేనే మోయించి తీయిస్తున్నా. పాత సీటు తిరిగి ఇస్తామన్న కాగితం సంగతి ఇంకా ఎత్తలేదు.

పిల్లలమర్రి నీడ

ఆ మధ్యాహ్నం రెండు గంటల రూలు ఆడవాళ్ల కోసం అని మాత్రం రాయకండి. జనరల్ షిఫ్ట్ అందరికీ అని రాయండి. లేకపోతే బి షిఫ్ట్ కోపమంతా వాళ్ల మీద పడుతుంది.

మూసీ ఒడ్డు

అట్లనే రాశాం. థాంక్స్.

జడ్చర్ల జంక్షన్

ప్లీడర్ గారూ, చర్చకు కొంచెం పక్కది. నేను మానేసినప్పుడు పీఎఫ్ తీయలేదు. మళ్లీ ఇక్కడే సెజ్‌లో ప్రయత్నిద్దామనుకుంటున్నా. మా ఇంట్లో ఆ డబ్బు తీసి బాబు పేరు మీద వేయమంటున్నారు.

పానగల్ ప్లీడర్

తీయొద్దమ్మా. పీఎఫ్‌కి తోడు పింఛన్ పథకం ఉంటుంది, అందులో మొత్తం సర్వీసు పదేళ్లు నిండితేనే 58 ఏళ్లకు పింఛన్ వస్తుంది. ఇప్పుడు పింఛన్ డబ్బు కూడా తీసేసుకుంటే ఇప్పటిదాకా చేసిన ఏళ్లు ఆ లెక్కలోంచి పోతాయి, మళ్లీ ఒకటి నుంచి మొదలు. పింఛన్ డబ్బు తీసే ఫారం 10సీలోనే, డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన ఏళ్లు చూపే కాగితం) అడగొచ్చు, కొత్త కంపెనీలో చేరాక పాత ఏళ్లు కలుస్తాయి. పీఎఫ్‌కి ఉండే యూఏఎన్ నంబర్ పాతదే ఇవ్వండి, కొత్తది తీసుకోవద్దు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లందరికీ అక్కడే ఆగుతుంది.

జడ్చర్ల జంక్షన్

ఆధార్‌లో మార్చారు, పీఎఫ్‌లో పుట్టింటి పేరే ఉంది. రేపే అడుగుతా.